వట్టికాళ్ల పరుగు: దక్కను హర్కారాల నుంచి పలుచని బూట్ల దాకా

దక్కనులో పరుగు చాలాకాలం పాటు కూలిపని. ఆరోగ్యం కోసమో పతకం కోసమో పరుగెత్తడం ఈ నేలకు నిన్నమొన్నటి సంగతి. అంతకుముందు ఉత్తరం మోసే హర్కారా, పల్లకి మోసే బోయీ, రాత్రివేళ సవారీ ముందు దివిటీ పట్టుకొని ఉరికేవాడు, వీళ్లంతా పొట్టకూటికి పరుగెత్తినవాళ్లే. ఎక్కువమంది వట్టికాళ్లతోనే పరుగెత్తారు. మెత్తని బూట్లు వదిలి పలుచని అట్ట బూట్లకు మారడం, మడమ మీద కాకుండా ముందరి పాదం మీద దిగేలా పరుగు తీరు మార్చుకోవడం గత ఇరవై ఏళ్లలో ప్రపంచమంతటా ఒక ఉద్యమంలా నడిచింది. ఆ ఉద్యమం కొత్తగా కనుక్కున్నామని చెప్పిన విషయాల్లో చాలా భాగం ఈ బాటల మీద శతాబ్దాల పాటు రోజువారీ పనిగా సాగింది.

బీదర్ జిల్లాలోని మంగళగి ఈ బాటల మధ్య ఉన్న ఊరు. హైదరాబాదు నుంచి షోలాపూరు పోయే జాతీయ రహదారి జహీరాబాదు దాటి కర్ణాటకలో అడుగుపెట్టాక వచ్చే పల్లెల్లో ఇదొకటి. కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినబడే జిల్లా ఇది. 1948 దాకా నిజాం పాలనలో, 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. ఇక్కడి పీఠభూమి మీద రెండు రకాల నేల కాలికి తగులుతుంది. ఒకటి లాటరైటు ఎర్రరాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి సోకాక గట్టిపడే ఈ రాయితోనే బీదర్ కోట కట్టారు. దాని గులకలు గరుకుగా ఉంటాయి. రెండోది నల్లరేగడి. ఎండాకాలం పగుళ్లిచ్చి అంచులు గట్టిపడుతుంది, వానాకాలం పాదానికి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. బూటు గురించి మాట్లాడే ముందు నేల గురించి చెప్పాలి, ఎందుకంటే వట్టికాళ్లకు పరుగు నేర్పేది నేలే.

పరుగుతో నడిచే తపాలా గురించి వివరంగా రాసిన తొలి యాత్రికుల్లో ఇబ్న్ బతూతా ఒకడు. 1330లలో ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఉన్నాడు. గుర్రపు తపాలా కంటే కాలినడక తపాలాయే వేగంగా అందేదని అతను చెప్పాడు. మైలుకు మూడు మజిలీలు. ప్రతి మజిలీలో నడుం బిగించుకొని సిద్ధంగా కూర్చున్న మనుషులు. ఉత్తరం తెచ్చేవాడి ఒక చేతిలో ఉత్తరం, మరో చేతిలో రెండు మూరల కర్ర, దాని కొసన రాగి గజ్జెలు. గజ్జెల చప్పుడు దూరం నుంచి వినబడగానే తరువాతి మజిలీలో మనిషి లేచి నిలబడతాడు. ఉత్తరం చేతులు మారుతుంది, పరుగు ఆగదు. ఖురాసాను పండ్లు, దౌలతాబాదులో ఉన్నప్పుడు సుల్తాను తాగే గంగాజలం కూడా ఇలాగే వచ్చేవట. 1320లలో బీదరూ ఓరుగల్లూ ఢిల్లీ వశమయ్యాయి కనుక, దక్కను ఆనాటికే ఈ రాజ్యవ్యవస్థలో భాగం.

ఒక్కో మనిషి పరుగెత్తాల్సింది మైలులో మూడో వంతే. అంటే ఇది ఓపికతో నెమ్మదిగా సాగే పరుగు కాదు. ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తి, ఆగి, ఊపిరి తీసుకొని, మళ్లీ గజ్జెల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవాలి. ఈనాటి రిలే పరుగుకు దగ్గరి పని.

బహమనీ సుల్తాన్లు అహమ్మద్ షా కాలంలో రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చాక ఈ నగరం దూరదేశాల వర్తకులకు గమ్యమైంది. 1470 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యన్ వ్యాపారి గుర్రం అమ్ముకుందామని వచ్చి బీదరులో చాలాకాలం ఉన్నాడు. సుల్తాను ఊరేగింపుల వైభవం, ఏనుగులు, ప్రభువులను వెండి మంచాల మీద మోసుకుపోయే మనుషులు అతని రాతలో కనబడతారు. వాటి పక్కనే మరో మాట ఉంది. ఈ దేశపు కాల్బలం వాళ్లు ఒంటిమీద బట్టలేకుండా, కాళ్లకు ఏమీ లేకుండా, ఒక చేత డాలు, ఒక చేత కత్తి పట్టుకొని చాలా వేగంగా నడుస్తారని అతను రాశాడు. మంచుదేశం నుంచి తోలు బూట్లతో వచ్చిన మనిషికి ఆ వేగం, ఆ వట్టికాళ్లు రెండూ కలిసి కంటబడ్డాయి. బీదర్ వీధుల్లో నడిచిన మామూలు మనిషి పాదం గురించి మనకు దొరికే అరుదైన సాక్ష్యాల్లో ఇదొకటి. అదే ఊళ్లోని మహమూద్ గవాన్ మదరసా గోడల మీది రంగు పలకల గురించి ఎంతో రాశారు, ఆ గోడలకు రాళ్లు మోసిన కాళ్ల గురించి రాసినది చాలా తక్కువ.

గోల్కొండ కాలానికి వచ్చేసరికి వివరాలు పెరుగుతాయి. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషు వర్తకస్థానం వెలిశాక అక్కడి నుంచి సూరత్ దాకా ఉత్తరాలు కాలినడక హర్కారాల మీదే పోయేవి. గోల్కొండ వజ్రాల కోసం పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా ఇబ్న్ బతూతా మాటే మళ్లీ చెప్పాడు: మనిషి గుర్రాన్ని మించుతాడని. అందుకు కారణమూ రాశాడు. రెండేసి లీగులకొక గుడిసె (లీగంటే కొన్ని మైళ్ల దూరం), అందులో ఇద్దరు ముగ్గురు పరుగువాళ్లు. వచ్చినవాడు ఉత్తరాన్ని గుడిసె ముందు నేలమీద పడేస్తాడు. చేతికి ఇవ్వడం అశుభమని నమ్మకం. పడ్డ ఉత్తరాన్ని తీసుకొని రెండోవాడు వెంటనే పరుగందుకుంటాడు. బాట పక్క చెట్లు లేనిచోట అయిదు వందల అంగలకొకటి చొప్పున చిన్న రాళ్లు పాతి ఉండేవి. చీకటి రాత్రిలో, జడివానలో హర్కారాకు దారి కనబడాలని ఆ రాళ్లకు ఎప్పటికప్పుడు సున్నం కొట్టే బాధ్యత దగ్గరి ఊరివాళ్లది. రాత్రిపూట, వానలో, కనబడని రాళ్ల మీద పరుగు. అలాంటి పరుగులో కాలు పెద్ద అంగలు వేయలేదు. అడుగు పెట్టేముందు నేలను తడిమి చూసుకునే పాదమే ఆ పని చేయగలదు.

పల్లకి బోయీల పరుగు ఇంకా కష్టమైన విద్య. తొందరగా పోవాలంటే పన్నెండుమంది బోయీలను పెట్టుకోవాలని, వాళ్లు వంతులవారీగా భుజం మార్చుకుంటారని, నెలకు నాలుగు రూపాయలు ఇస్తే చాలునని, అరవై రోజులు దాటే దూరమైతే అయిదు ఇవ్వాలని టావెర్నియే లెక్క చెప్పాడు. భుజం మీద బొంగు, బొంగుకు వేలాడే పల్లకి, అందులో మనిషి. ఒంటిని పైకి ఎగరేసే పరుగు తీస్తే బరువు కూడా ఎగిరి మళ్లీ భుజం మీదే పడుతుంది. మడమ ముందు దిగితే ఆ దెబ్బ మోకాలి నుంచి నడుం దాకా పాకుతుంది. అందుచేత మోకాలు కాస్త వంచి, పాదం ఒంటికి సరిగ్గా కిందనే పడేలా, చిన్న చిన్న అడుగులు వేగంగా వేయాల్సిందే. నోట పలికే పదం ఊపిరికీ అడుగుకూ లయ కట్టేది. ఈనాటి పరుగు శిక్షకులు పలుచని బూట్లకు మారేవారికి చెప్పే సూత్రాలు సరిగ్గా ఇవే: అంగ తగ్గించు, అడుగుల జోరు పెంచు, మోకాలు బిగదీయకు, పాదాన్ని ఒంటి ముందుకు విసరకు. బోయీకి ఈ పాఠాలు చెప్పింది భుజం మీది బరువు.

ఈ చరిత్రను వట్టికాళ్ల గొప్పతనంగా మాత్రమే చెబితే అది అబద్ధమవుతుంది. తెలంగాణ, బీదర్ పల్లెల్లో చెప్పుల చరిత్ర కులం చరిత్ర కూడా. చెప్పు చేసేది మాదిగవాడ. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి, సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, లందలో తంగేడు చెక్క కషాయంలో రోజుల తరబడి ఊరేసి, ఎండబెట్టి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి తోలు వారతో కుట్టేవారు. అడుగుకు దున్నతోలు పొరలు, పైన మెత్తని తోలు పట్టెలు. ఆముదం పట్టించిన కిర్రుచెప్పులు తుమ్మముల్లు దిగకుండా కాపాడేవి, ఏళ్ల తరబడి మన్నేవి. దుక్కిలో నడిచేవాడికి, గొర్లు కాసేవాడికి అవి పెట్టని కోట. కానీ బరువు. వాటితో పరుగెత్తడం కుదిరే పని కాదు. పైగా ఆ చెప్పు కుట్టినవాడే దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు దాన్ని విప్పి చేతపట్టుకోవాల్సి వచ్చేది. 1940లలో తెలంగాణ పల్లెల్లో వెట్టికి, దొరతనానికి ఎదురుతిరిగిన జనం వదిలించుకోవాలనుకున్న అవమానాల్లో ఇదీ ఉంది. కాబట్టి హర్కారా వట్టికాళ్లతో పరుగెత్తడం అతను ఎంచుకున్న పరుగు తీరు అని చెప్పలేం. అతనికి మరో దారి లేదు. నైపుణ్యం మాత్రం అతనిదే. ఈ రెండు మాటలనూ కలిపే చెప్పాలి.

రైలు వచ్చాక హర్కారా పని క్రమంగా కుదించుకుపోయింది. 1869లో సొంత తపాలా బిళ్లలు వేసుకున్న నిజాం రాజ్యానికి 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం అందింది. బళ్లు, తరువాత మోటార్లు పెద్ద ఊళ్ల మధ్య సంచులు మోశాయి. 1950లో హైదరాబాదు తపాలా భారత తపాలాలో కలిసింది. దారి లేని పల్లెలకు సంచి మోసే ‘మెయిల్ రన్నర్’ కొలువు పేరు మాత్రం చాలాకాలం కాగితాల మీద మిగిలింది, పని నడకగా, సైకిలుగా మారిపోయాక కూడా.

వట్టికాళ్లు, బూట్ల మధ్య తర్జనభర్జన మరో మైదానంలోనూ జరిగింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఎక్కువగా బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్సు చేతిలో 2–1తో ఓడింది. నాలుగేళ్ల తరువాత హెల్సింకీలో చలికి, తడి పచ్చికకు వట్టికాళ్లు నిలవలేదు, యుగోస్లావియా 10–1తో గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. హెల్సింకీ ఓటమి తరువాత భారత ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. రహీం జట్టు బూట్లు తొడుక్కొని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేరింది. చిన్ననాటి నుంచి వట్టికాళ్లతో ఆడిన ఆటగాళ్లు బూట్లకు అలవాటు పడడానికి కాలం పట్టింది. ఇప్పుడు పరుగువాళ్లు ఎదుర్కొనే సమస్య దీనికి సరిగ్గా తిరగేసిన రూపం.

ఆ రోజుల్లో బడిపిల్లల కాళ్లకు చేరిన బూటు తెల్ల కాన్వాసుది. 1930లలో బెంగాల్లో బాటా కర్మాగారం వెలిశాక రబ్బరు అట్ట, గుడ్డ పైభాగం ఉన్న చవక బూట్లు దేశమంతా పాకాయి. డ్రిల్లు రోజున తడి సుద్దముక్కతో తెల్లబరిచి వేసుకున్న ఆ బూటు అట్ట పలుచన, మడమకు ఎత్తు లేదు. ఎటుపడితే అటు వంగేది. ఈనాటి ‘మినిమలిస్ట్’ (పలుచని అట్ట) బూటుకు చెప్పే లక్షణాల్లో సగానికి పైగా దానిలో ఉన్నాయి, ధర తప్ప. పల్లెల్లో పాత టైర్లు కోసి చేసిన చెప్పులూ అంతే. మెక్సికో కొండల్లో ఎంతో దూరం పరుగెత్తే తారాహుమారా జనం కూడా టైరు ముక్కకు తోలు పట్టీ కట్టుకొనే పరుగెత్తుతారు.

ఎత్తు మడమ, మందపు దిండు ఉన్న పరుగు బూటు 1970లలో అమెరికాలో జాగింగ్ ఊపందుకున్నాక వ్యాపించింది. అంతకుముందు పెద్ద పరుగులు దాదాపు అన్నీ పలుచని అట్టల మీదే సాగాయి. ఇథియోపియా సైనికుడు అబేబే బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కొని అంతకంటే మూడు నిమిషాలు తక్కువలో మళ్లీ గెలిచాడు. వట్టికాళ్ల పక్షం వారు మొదటి పరుగును, బూట్ల పక్షం వారు రెండో పరుగును ఉదహరిస్తారు. రెండింటినీ గెలిచిన పాదం ఒక్కటేనన్నది ఇద్దరూ గుర్తుంచుకోవాల్సిన విషయం.

వేళ్లకు విడివిడి అరలున్న విబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ 2000ల నడుమ బజారుకు వచ్చాయి. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ తారాహుమారా మీద రాసిన ‘బార్న్ టు రన్’ పుస్తకం లక్షలమందిని కదిలించింది. 2010 జనవరిలో హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్మన్ బృందం ‘నేచర్’లో ఒక పరిశోధన ప్రచురించింది. వట్టికాళ్ల పరుగు అలవాటున్నవారు ఎక్కువగా ముందరి పాదం మీదో, పాదం నడుమనో దిగుతారని, మడమ దెబ్బలో కనబడే తొలి కుదుపు వారిలో దాదాపు ఉండదని దాని సారం. కానీ 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ జనం మీద జరిగిన పరిశీలన వేరే మాట చెప్పింది. పుట్టినప్పటి నుంచి చెప్పులెరుగని ఆ జనంలో ఎక్కువమంది తమకు సుఖమైన నెమ్మది వేగంలో మడమ మీదే దిగారు. వేగం పెరిగితే ముందుకు దిగారు. నేల, వేగం, దూరం, బరువు, వీటిని బట్టే పరుగు తీరు మారుతుందన్నమాట. దక్కను తపాలా కథ కూడా ఇందుకు దగ్గరగానే ఉంది: మైలులో మూడో వంతు ఉరికే తుగ్లక్ కాలపు హర్కారా, లీగుల కొద్దీ పోయే గోల్కొండ హర్కారా ఒకే తీరున పరుగెత్తి ఉండరు.

కర్ణాటకలోనే జరిగిన ఒక పరిశోధన ఈ చర్చలో తరచుగా కనబడుతుంది. దక్షిణ కర్ణాటక తీరంలో నాలుగు నుంచి పదమూడేళ్ల లోపు 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ 1992లో ఫలితాలు ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి పాదం వంపు లేకపోగా, వట్టికాళ్ల పిల్లల్లో అది 2.8 శాతమే. మూసిన బూట్ల పిల్లల్లో ఇది అన్నిటికంటే ఎక్కువ. పాదం వంపు గట్టిపడే చిన్న వయసులో కాలికి నేల తగలడం ముఖ్యమని ఈ పరిశోధన సూచించింది. 2019లో కెన్యా, అమెరికాల్లో జరిగిన మరో అధ్యయనం, వట్టికాళ్లతో నడిచి మందమైన అరికాలి చర్మానికి స్పర్శజ్ఞానం తగ్గదని తేల్చింది. సున్నం కొట్టిన రాళ్ల గుర్తుతో రాత్రివేళ పరుగెత్తిన హర్కారాకు నేల ఎలా తెలిసేదో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఇక మారడంలో ప్రమాదం. మందపు బూటుకు అలవాటైన కాలు పలుచని అట్టకు మారగానే, అంతదాకా మోకాలు మోసిన భారంలో చాలా భాగం పిక్కల మీదికి, మడమ వెనుక స్నాయువు మీదికి, పాదపు సన్న ఎముకల మీదికి మళ్లుతుంది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. స్నాయువుకు, ఎముకకు నెలలు కావాలి. అమెరికాలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశీలనలో పది వారాల్లో ఫైవ్‌ఫింగర్స్‌కు మారిన 19 మందిలో 10 మంది పాదపు ఎముకల్లో వాపు కనబడింది. మామూలు బూట్లలో కొనసాగినవారిలో అది దాదాపు లేదు. 2014లో విబ్రమ్ సంస్థ, తన బూట్లు గాయాలు తగ్గిస్తాయన్న ప్రచారం మీద వచ్చిన దావాను 37.5 లక్షల డాలర్లతో పరిష్కరించుకుంది. ఆ తరువాత బజారు మరోవైపుకు తిరిగి, మందపు మెత్తల బూట్ల వెంట పడింది.

బీదర్, జహీరాబాదు వైపు పల్లెల్లో ఇవాళ పరుగెత్తే కుర్రవాళ్లలో చాలామంది పోలీసు, సైన్యం కొలువుల కోసం పరుగెత్తుతున్నారు. సైన్యం భర్తీలో 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల లోపు పూర్తిచేస్తే పూర్తి మార్కులన్నది ఏళ్ల తరబడి ఉన్న కొలత. పరుగు మళ్లీ కొలువు కోసమే. వీరిలో కొందరు వట్టికాళ్లతో, కొందరు చవక కాన్వాసులో, కొందరు అప్పుచేసి కొన్న మెత్తని బూట్లతో తారురోడ్డు అంచున సాధన చేస్తారు. చిన్నప్పటి నుంచి పొలంగట్ల మీద వట్టికాళ్లతో తిరిగినవారికి పలుచని అట్ట అంతగా ఇబ్బంది పెట్టదు. పట్నంలో పెరిగి, పదేళ్లుగా మెత్తని బూట్లలో పరుగెత్తిన మనిషి మాత్రం రోజుకు కొద్ది నిమిషాలతో, మట్టి నేల మీద మొదలుపెట్టాలి. పిక్క నొప్పి తగ్గాకే దూరం పెంచాలి. పాదం పైభాగాన ఎముక మీద వేలు పెడితే నొప్పి పుడితే వెంటనే పరుగు ఆపి వైద్యునికి చూపించుకోవాలి. ఏడాది పట్టినా తొందరపడకూడదు.